పసుపు చేనూ, నేటి కవిత్వమూ

తెలుగునాట నేడు వెలువడుతున్న కవితాసంపుటాలను వరుసగా చదివేవారికి ఒక చిత్రమైన విభజన కనిపిస్తుంది. ప్రేమకు ఒక సంపుటి, ప్రకృతికి ఒకటి, భక్తికి వేరొకటి, పోరాటానికి మరొకటి. ఒకే కవి నాలుగింటినీ రచించినప్పటికీ, ఒక గదిలోని గాలిని మరొక గదిలోనికి రానీయడు. ఈ అలవాటు ఎక్కడనుండి వచ్చినదని విచారిస్తే, దోషంలో కొంత భాగం తరగతిగదిదేనని ఒప్పుకోవలసి వస్తుంది. భావకవిత్వమంటే ప్రణయమూ ప్రకృతీ అని, అభ్యుదయ కవిత్వమంటే పోరాటమని విద్యార్థిచేత వల్లెవేయించి, పరీక్షలో దానినే అడిగి, దానినే వ్రాసినవానికి మార్కులు వేయడం ఆచారమైపోయినది. కోడలి దుఃఖం వాగై ప్రవహించిన విశ్వనాథవారి ‘కిన్నెరసాని పాటలు’ ఏ గదిలో చేరాలో ఆ ప్రశ్నపత్రం చెప్పలేదు.

ఈ విభజన ఎంత కృత్రిమమైనదో తెలియాలంటే నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతపు పసుపు చేను ఒక్కటి చాలు. తొలకరికి నాటిన విత్తనపు కొమ్ము ఎనిమిది, తొమ్మిది నెలలు భూమిలోనే ఉంటుంది. ఆకు పండి వాలిన తరువాత త్రవ్వాలి, దుంపలనూ కొమ్ములనూ వేరుచేయాలి, ఉడకబెట్టాలి, రోజుల తరబడి ఎండబెట్టాలి, పొట్టు రాలి నిగ్గు తేలేవరకు తిప్పించాలి. అంతవరకు అది ప్రకృతి, శ్రమ. ఆ కొమ్మే దారానికి కట్టితే మంగళసూత్రమవుతుంది; గడపకు రాస్తే లక్ష్మి అవుతుంది; ముద్దచేసి నిలిపితే గౌరమ్మ అవుతుంది. బస్తాలకెత్తి అంగడికి తీసుకొనిపోతే అదే కొమ్ము అప్పుల లెక్క అవుతుంది. పంటను కాచిన రైతే నవనాథ సిద్ధులు తపస్సు చేసినారని చెప్పుకొనే సిద్ధులగుట్ట ఎక్కి మ్రొక్కుకొంటాడు. ఆ మ్రొక్కులో ధర మాటా ఉంటుంది, కూతురి పెండ్లి మాటా ఉంటుంది. ఇందులో ఏది భక్తి, ఏది పోరాటం అని గీత గీయడం ఎవరి తరం?

ఆ ధర కొరకే 2019 ఫిబ్రవరిలో ఆర్మూరు ప్రాంతపు రైతులు రహదారిపై బైఠాయించినారు. క్వింటాలు పసుపుకు 15,000 రూపాయలు కావాలని వారు కోరినారు. అప్పటి అంగడి ధర అందులో సగమైనా లేదు. ఏప్రిల్‌లో జరిగిన లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది అభ్యర్థులు నిలువగా, వారిలో 170కి పైగా రైతులే. ఒక్కొక్క పోలింగు కేంద్రంలో పన్నెండేసి ఓటింగు యంత్రాలు పేర్చవలసి వచ్చినది. గెలుపు కొరకు కాక, తమ పేరు దేశమంతా చదవాలని నామినేషన్లు వేసిన ఆ ఘట్టంలో ఎంత హాస్యమున్నదో అంత దుఃఖమున్నది. జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రకటించి, 2025 సంక్రాంతినాడు నిజామాబాదు కేంద్రంగా ప్రారంభించినారు. బోర్డు వలన ధర నిలుస్తుందా అన్నది వేరు చర్చ.

ఇంత జరిగిన నేలను గురించి వచ్చే కవిత ఎట్లా ఉంటున్నది? ప్రేమకవి చేతిలో పసుపు వధువు పాదాలను దాటదు. భక్తకవికి అది అమ్మవారి ముఖకాంతి మాత్రమే. ఉద్యమకవి రైతును ఉరిత్రాడుతోనో బిగించిన పిడికిలితోనో చూపుతాడు. ఆ పిడికిలికి అంటిన పసుపు మరక అతనికి కనిపించదు. ముగ్గురూ అబద్ధమాడటంలేదు. ముగ్గురూ చేను చూడకుండా వ్రాస్తున్నారు, అంతే. ఉద్యమకవి లోపమే ఎక్కువ విచారకరం. ఎవరి పక్షాన నిలిచినాడో ఆ మనిషిని అతడు సగమే చూచినాడు. అప్పు మాత్రమే ఉండి, ఇల్లాలూ ఇలవేల్పూ వానచినుకూ లేని రైతు ఏ ఊరిలోనూ లేడు.

ఆర్మూరుకు జిల్లా కేంద్రమైన నిజామాబాదులోనే దీనికి సమాధానమొకటి ఉన్నది. నిజాము పాలన చివరి దినాలలో, 1948లో, దాశరథి కృష్ణమాచార్యులు అక్కడి ఖిల్లా జైలులో బందీగా ఉన్నారు. వట్టికోట ఆళ్వారుస్వామి ఆయనకు తోటి ఖైదీ. అక్కడ కాగితమూ కలమూ కరవైతే దాశరథి బొగ్గుతో గోడలమీద పద్యాలు వ్రాసినారు. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ వెనుక ఆ కాలపు నిప్పు ఉన్నది. ఆ గోడలను అందరూ తలుస్తారు. ఆ కవియే తరువాత గాలిబు గజళ్లను ‘గాలిబు గీతాలు’గా తెలుగు చేసినారని, చలనచిత్రాలకు ప్రేమగీతాలూ భక్తిగీతాలూ రచించినారని చెప్పేటప్పుడు మాత్రం కొందరు విమర్శకుల గొంతు తగ్గుతుంది, అదేదో జారుబాటు అయినట్లు! జైలుగోడమీది పద్యాన్ని మెచ్చి గజలుకు సంకోచించేవారు ఆ పద్యాన్ని మాత్రం పూర్తిగా చదివినారా? తెలంగాణాన్ని వీణగా భావించిన ఊహలో కోపమెంతో మమకారమూ అంత ఉన్నది. ప్రేమించని నేల కొరకు ఎవరూ జైలుకు పోరు.

ఈనాటి విద్యార్థులకు సులభంగా అందుతున్న రూపం నానీ. ఎన్. గోపి 1997లో ప్రవేశపెట్టిన ఈ ప్రక్రియలో నాలుగు పాదాలు, ఇరవై నుండి ఇరవైయైదు అక్షరాలు. అంత చిన్న పాత్రలో ప్రేమ, ప్రకృతి, నమ్మకం, బాధ ఒకదానినొకటి ఒరుసుకొనక తప్పదు. కాని ఇరుకు తెచ్చే ప్రమాదమూ ఉన్నది. మెరుపు కొరకు వెదకే బాలకవి అరిగిపోయిన ప్రతీకనే పట్టుకొంటాడు. పసుపంటే శుభం, ఎరుపంటే విప్లవం. అట్టి నానీని ఉపాధ్యాయుడు మెచ్చుకొని గోడపత్రికలో అంటించే ముందు ఒక ప్రశ్న వేయవచ్చు: పసుపు ఉడికేటప్పుడు వాసన ఎట్లా ఉంటుంది? ఆర్మూరు చుట్టుప్రక్కల పల్లెలనుండి వచ్చే పిల్లలలో పలువురికి దాని జవాబు తెలుసు. అది కవిత్వానికి పనికివస్తుందని వారికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.