ఎక్కే మెట్లేనా?

జుక్కల్‌లో సర్కారు బడిపంతులుగారికి 61 ఏళ్లు నిండాయంటే శాలువా కప్పి, దండ వేసి, ఇంటికి సాగనంపుతారు. "ఇంకా పాఠం చెప్పే ఓపిక ఉందండీ" అంటే వినేవాడు లేడు. సుద్దముక్క బల్లమీద పెట్టి రావలసిందే. మరి ఆయనకు గీత గీసిన ప్రభువులకో? శాసనసభలో అడుగు పెట్టడానికి 25 ఏళ్లుండాలన్న నియమం ఉంది గాని, బయటికి రావడానికి ఏ నియమమూ లేదు. ఎక్కే మెట్లే గాని దిగే మెట్లు లేని మేడ అది!

1983లో ఎన్.టి.రామారావుగారు ముఖ్యమంత్రి అయిన కొత్తలో ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 55కు దించారు. అప్పటికి ఆయనకే అరవయ్యో ఏడు నడుస్తోంది. గుమాస్తాకు ముసలితనమైన వయసు దాటాకే నాయకుడికి రాజకీయ యవ్వనం మొదలైందన్నమాట! ఉద్యోగుల వయసు తరవాత మళ్లీ 58కి వచ్చింది. తెలంగాణలో 2021లో 61 అయింది. నాయకుల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. చివరికి రామారావుగారిని 1995లో, 72 ఏళ్ల వయసులో, సొంత పార్టీవాళ్లే దించారు. తనకు తాను దిగనివాణ్ణి పక్కవాడు నెట్టక మానడు.

"ప్రజలు వదలడం లేదండీ!" అంటారు. వదలనిది ప్రజలా, చుట్టూ తిరిగే కాంట్రాక్టర్లా? "అనుభవం వృథా అవుతుంది" అంటారు. పంతులుగారి అనుభవం వృథా కాలేదూ? పోనీ, పూట గడవదన్న బెంగా అంటే, ఒక్కసారి గెలిచిన ఎమ్మెల్యేకు కూడా పింఛనుంది. లేనిదల్లా విరమణే!

దిగినవాళ్లు లేకపోలేదు. కర్నూలు బస్సు రూట్ల కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్య చేసిందని 1964లో నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. 1982లో రాష్ట్రపతి పదవీకాలం ముగిశాక అనంతపురం చేరుకున్నారు. ఆకాశమేమీ విరిగిపడలేదు.

పెద్దలు కదలకపోతే నష్టం ఎవరికి? ముప్పయ్యేళ్లప్పుడు జెండా పట్టి, గోడలకు పోస్టర్లంటించిన పల్లెటూరి కార్యకర్త జుట్టు నెరిసినా జెండాయే మోస్తున్నాడు. పెద్దాయన లేవడు, లేచినా కొడుకును కూర్చోబెట్టిగాని లేవడు. నిజాంసాగర్ నిండితే గేట్లెత్తుతారు. ఎత్తకపోతే ముప్పు కట్టకే.

కాబట్టి అయ్యలారా, పంతులుగారికి గీసిన గీతే మీకూ గీసుకోండి. శాలువాలు మేం తెస్తాం.