పేపరు చూసి మనిషికి ముద్ర వేయొద్దు

ఎర్రగుంట్ల నుంచి కలమల్ల దాకా ఏ టీ అంగడి ముందైనా పొద్దున్నే కాసేపు కూర్చుంటే ఒక సంగతి తెలుస్తుంది. ఎవరి చేతిలో ఏ పేపరు ఉందో చూసి పక్కవాళ్లు మనిషి లెక్క తేల్చేస్తారు. సాక్షి పట్టుకుంటే ‘ఆ పార్టీ మనిషి’. ఈనాడో, ఆంధ్రజ్యోతో పట్టుకుంటే ‘పచ్చ బ్యాచి’. ప్రజాశక్తి, విశాలాంధ్ర అయితే ‘ఎర్రజెండా’. ఇంగ్లీషు హిందూ పేపరు చంకన పెట్టుకొని బస్సు దిగే అయ్యవారైతే ఇంగ చెప్పే పనే లేదు. ‘హిందూ చదివే మేధావి వచ్చినాడు, మనకు నీతులు చెప్తాడు’ అని నవ్వుతారు.

ఆ నవ్వేవాళ్లలో మన సంఘం పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాల్సి వచ్చింది.

ఇది మన దగ్గరే ఉన్న అలవాటు కాదు. ఇంగ్లండులో ‘గార్డియన్ రీడర్’ అంటే ఒక ఎగతాళి మాట. గార్డియన్ 1821లో మాంచెస్టరులో పుట్టిన పేపరు. టీచర్లు, సంక్షేమశాఖ ఉద్యోగులు ఎక్కువగా చదువుతారని పేరు. ఆ ఉద్యోగాల ప్రకటనలు కూడా అందులోనే ఎక్కువగా పడేవి. దాంతో గార్డియన్ చదివేవాడంటే చెప్పులేసుకొని, పప్పు తింటూ, పేదల మీద జాలి మాటలు చెప్పే మధ్యతరగతి ఉదారవాది అని ఒక బొమ్మ గీసిపెట్టారు. వాడు ఏం మాట్లాడినా వినక్కర్లేదు, ‘గార్డియన్ రీడర్’ అంటే చాలు, మాట అక్కడికి ఆగిపోతుంది.

ఈ ఎగతాళిలో నిజం అసలు లేదని మేం అనడం లేదు. కారంచేడులో 1985లో ఆరుగురిని, చుండూరులో 1991లో ఎనిమిది మందిని చంపినప్పుడు సానుభూతి మాటలు చెప్పిన పెద్దమనుషులు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరి ఇంటికి అద్దెకు పోయి చూడండి. మొదటి ప్రశ్న ‘మీరేమిట్లోళ్లు?’ అనే. చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసి అందరినీ విడిచిపెట్టింది. ఆ పొద్దు వీధిలోకి వచ్చిన మేధావులు ఎంతమంది? ఈ కోపం న్యాయమైనదే.

కానీ కోపం వేరు, ముద్ర వేరు. మనిషి చేసిన పని చూడకుండా, పైన కనిపించేదాన్ని బట్టి లోపల ఏముందో తేల్చెయ్యడం ఎవరి విద్య? ఇంటిపేరు చూసి, వాడ చూసి, ఒంటి రంగు చూసి మనకు వెల కట్టినవాళ్ల విద్య. దాన్ని మనం నేర్చుకోబోతే ఎట్లా?

పైగా ఆ దెబ్బ తిరిగి మనకే తగులుతాది. మన వాడలో డిగ్రీ పాసైన ఆడపిల్ల గ్రూప్స్ పరీక్ష కోసం హిందూ చదువుతాది. ఆమెను కూడా ‘పెద్ద మేధావి’ అని నలుగురూ నవ్వితే పేపరు మడిచి పెట్టేస్తాది. నష్టం హిందూ పేపరుకా, మనకా?

ఇంకో మాట. ఈ ముద్రల గొడవలో ఏ పేపరూ మనది కాదు. ఈనాడు 1974లో విశాఖలో మొదలైంది. సాక్షి 2008లో వచ్చింది. ఒకటి కమ్మ కుటుంబానిది, ఇంకొకటి మన పులివెందుల రెడ్డి కుటుంబానిది. వలంటీర్లు పేపరు కొనుక్కోను నెలకు 200 రూపాయలు ఇస్తామని 2022లో అప్పటి ప్రభుత్వం జీవో తెస్తే, అది సాక్షి కోసమేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకు పోయింది. పెద్దల పోట్లాట అది. అందులో మనం జెండా కట్టెలం.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. పేపరు లోపల ఎవరు కూర్చున్నారు? 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పాత్రికేయుడు ఢిల్లీలో ఒక్క దళిత విలేకరి కోసం వెతికి, దొరకలేదని రాశాడు. 2006లో ఢిల్లీలోని 37 మీడియా సంస్థల్లో నిర్ణయాలు చేసే 315 మందిని లెక్కదీస్తే దళితుడు గానీ ఆదివాసీ గానీ ఒక్కరూ లేరు.

డబ్బు ఎక్కడిదని కూడా అడగాలి. గార్డియన్ పెట్టినాయనకు నూలు వ్యాపారం. ఆ పత్తి అమెరికాలో నల్లజాతి బానిసలు పండించింది. ఆ పేపరు యజమాని అయిన స్కాట్ ట్రస్టు 2020లో విచారణ వేయించి, 2023లో బహిరంగంగా క్షమాపణ చెప్పింది. రెండువందల ఏండ్లు పట్టింది. అయినా చెప్పింది. మా పెట్టుబడి ఎవరి చెమటలోంచి వచ్చిందని మన పేపర్లు ఎప్పుడు రాస్తాయి?

బాబాసాహెబ్ 1920లో మూక్‌నాయక్ పెట్టినప్పుడు, డబ్బులిస్తామన్నా కేసరి ప్రకటన వేయలేదు. ఆయన చదవడం మానలేదు, సొంత పత్రిక ఆపలేదు. భాగ్యరెడ్డివర్మ 1931లో భాగ్యనగర్ పత్రిక పెట్టాడు. కుసుమ ధర్మన్న జయభేరి నడిపాడు. మన దారి వాళ్లు వేసిందే.

కాబట్టి అన్నలారా, అక్కలారా, ఈ పక్షం నుంచి ఒక పని చేద్దాం. ప్రతి వాడలో చందా వేసుకొని, ఒకదానికొకటి పడని రెండు పేపర్లు కొనండి. సాయంత్రం అంబేద్కర్ బొమ్మ దగ్గర ఒకరు గట్టిగా చదవండి, అందరూ వినండి. పెన్సిలు పట్టి లెక్క రాయండి. మన వార్త ఏ పేజీలో పడింది? ఎన్ని లైన్లు? ఎవరి మాట వేశారు, ఎవరి మాట వదిలేశారు? నెల తిరిగేసరికి ఏ పేపరు ఎవరిదో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

ఆ హిందూ అయ్యవారిని కూడా పిలవండి. 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద మనోళ్లు ఇచ్చే ఫిర్యాదు రాసిపెట్టమనండి, స్టేషను దాకా తోడు రమ్మనండి. వస్తే ఆయన ఏ పేపరు చదివినా మనవాడే. రాకపోతే రాలేదని మొగం మీదనే చెప్పండి. పేపరు పేరు పెట్టి తిట్టే అవసరం ఉండదు.

తొలి తెలుగు శాసనం మన కలమల్లలో దొరికింది. క్రీ.శ. 575 నాటిదని చెప్తారు. దాని మీద రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది. ఆ రాయి మోసినవాళ్ల పేరు లేదు. ఆ తర్వాత పధ్నాలుగు వందల ఏండ్లకు గానీ మన పిల్లల చేతికి పలక రాలేదు. ఇంత ఆలస్యంగా దొరికిన చదువును పక్కోడికి ముద్రలు వేయడంలో పోగొట్టుకోవద్దు. చదవండి, లెక్క రాయండి, రాసింది మాకు పంపండి. వచ్చే సంచికల్లో అచ్చు వేస్తాం.

జై భీమ్.