మార్జిన్ పరీక్ష: రెండో ఆపరేషన్ ఎందుకు?

“గడ్డంతా తీసేశామన్నారు కదా, మళ్లీ ఆపరేషన్ ఎందుకు?” రొమ్ము క్యాన్సర్‌ను తొలిదశలోనే గుర్తించి, రొమ్మును నిలుపుతూ కణితిని మాత్రమే తొలగించిన తర్వాత కొన్ని కుటుంబాలకు ఈ ప్రశ్న ఎదురవుతుంది. వైద్యులు పొరపాటు చేశారనో, వ్యాధి తిరగబెట్టిందనో భావించి కొందరు చికిత్సనే మానుకుంటారు. అసలు నష్టం అక్కడే ఉంది.

చేతికి తగిలే గడ్డ చుట్టూ కంటికి కానరాని క్యాన్సర్ కణాలు ఉండవచ్చు. అందుకే సర్జన్ కణితితోపాటు చుట్టూ ఉన్న కొంత ఆరోగ్యవంతమైన కండను కూడా తొలగిస్తారు. అలా తీసిన ముక్క అంచునే మార్జిన్ అంటారు. ఏది పైవైపో, ఏది పక్కవైపో తెలిసేలా దానికి దారాలతో గుర్తులు పెడతారు. పాథాలజిస్టు ఆ ముక్క ఉపరితలానికి సిరా పూసి, పలుచని పొరలుగా కోసి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. సిరా అంటిన చోటనే క్యాన్సర్ కణాలుంటే మార్జిన్ ‘పాజిటివ్’ అని రాస్తారు. లోపల వ్యాధి కొంత మిగిలి ఉండవచ్చని దాని భావం. ఇక్కడ ‘నెగటివ్’ అన్నదే శుభవార్త.

ఎంత అంచు ఉంటే చాలు? ఈ విషయంలో సర్జన్ల మధ్య ఏళ్ల తరబడి భిన్నాభిప్రాయాలుండేవి. 33 అధ్యయనాల్లోని 28,162 మంది రోగుల వివరాలను పరిశీలించి, అమెరికా వైద్య సంఘాలు 2014లో ఒక నిర్ణయానికి వచ్చాయి. పాజిటివ్ మార్జిన్ ఉన్నప్పుడు అదే రొమ్ములో క్యాన్సర్ తిరిగి వచ్చే ప్రమాదం కనీసం రెండింతలు. అయితే చుట్టుపక్కలకు పాకే రకం క్యాన్సర్‌లో రేడియేషన్ కూడా ఇస్తున్నప్పుడు, సిరాను కణితి తాకకుంటే చాలు. అంతకన్నా వెడల్పుగా కోయడం వల్ల అదనపు మేలు లేదు. పాలనాళాల్లోనే ఉండిపోయిన తొలిరకానికి మాత్రం 2 మిల్లీమీటర్ల అంచు ఉండాలని 2016లో సూచించారు.

“ఆపరేషన్ బల్లపైనే ఇది తేలదా?” అని అడగవచ్చు. తీసిన ముక్కకు అప్పటికప్పుడు ఎక్స్‌రే తీయడం, గడ్డకట్టించి పరీక్షించడం వంటి పద్ధతులున్నాయి. కానీ కొవ్వు కండ సరిగా గడ్డకట్టదు. కనుక తుది నిర్ణయం కొన్ని రోజుల తర్వాత వచ్చే రిపోర్టుదే. కణితి తీసిన చోట లోపలి గోడల నుంచి మరో పలుచని పొర తీసే పద్ధతి వల్ల రెండో ఆపరేషన్ అవసరం 21 శాతం నుంచి 10 శాతానికి తగ్గినట్లు 2015లో ప్రచురితమైన అధ్యయనం తెలిపింది.

“రొమ్మంతా తీసేస్తే పీడ పోతుంది” అనే మాట ఇళ్లలో వినిపిస్తుంది. కొందరికి అది నిజంగానే అవసరం. కానీ అమెరికాలోనూ, ఇటలీలోని మిలాన్‌లోనూ 20 ఏళ్లపాటు గమనించి 2002లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, తగిన రోగుల్లో రెండు పద్ధతుల్లోనూ ఆయుష్షు సమానమే. అయితే రొమ్మును నిలుపుకున్నవారు రేడియేషన్‌ను మధ్యలో మానరాదు.

సోదరులారా! మీ ఇంటి స్త్రీ బిడియంతో అడగలేని ప్రశ్నలు మీరు అడగండి. మార్జిన్లన్నీ నెగటివేనా? కాకుంటే ఏ వైపు? రేడియేషన్ ఎప్పుడు మొదలవుతుంది? రిపోర్టును భద్రపరచండి. శరీరం అల్లాహ్ మనకు అప్పగించిన అమానత్. చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అది దైవప్రవక్త (స) బోధనే. ప్రయత్నం మనది, స్వస్థత ప్రసాదించేవాడు అల్లాహ్. వ్యాధిగ్రస్తులైన మన సోదరీమణులందరికీ ఆయన సంపూర్ణ ఆరోగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.