టేపు కాదు, టేపుకున్న మీట

జనగామలో ఏ వడ్రంగి షాపు ముందు నిలబడ్డా ఆ చప్పుడు వినిపిస్తుంది. టేపు సర్రున లాగుతారు, మీట నొక్కి ఆపుతారు, కొలిచాక టప్‌మని లోపలికి వదిలేస్తారు. రోజుకి వందసార్లు నొక్కే ఆ మీటకి ఒక తాత ఉన్నాడు. అమెరికాలోని న్యూహేవెన్‌కి చెందిన ఆల్విన్ ఫెలోస్. 1868 జూలై 14న ఆయనకి వచ్చిన పేటెంట్ నంబరు 79,965.

ఆయన టేపు కనిపెట్టలేదు. స్ప్రింగుతో చుట్టుకునే టేపులు అప్పటికే ఉన్నాయి. లాగిన చోట టేపుని పట్టి ఉంచే చిన్న స్ప్రింగు ముక్క, పేటెంట్ దానికే.

అన్నట్టు, టేపు చివరి కొక్కెం వదులుగా ఆడుతుంది కదా, పాడైందని సుత్తితో బిగించకండి. ఆ ఆట సరిగ్గా కొక్కెం మందమంతే. చెక్క అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుంది, గోడకి ఆనిస్తే లోపలికి పోతుంది. రెండు కొలతలూ కరెక్టుగా రావాలంటే అది ఆడాల్సిందే. బిగిస్తే ఒకటి తప్పుతుంది, టేకు చెక్క దండగ.

జనగామలో హైదరాబాద్ రైలెక్కితే పెంబర్తి దాటాక ఆలేరు. అక్కడి చింతకింది మల్లేశం గారు కూడా మగ్గం కనిపెట్టలేదు. చీరకి ఆసు పోయడానికి వాళ్లమ్మ చెయ్యి వేలసార్లు తిప్పేది. ఆ ఒక్క పనికే యంత్రం చేశారు, పేటెంట్ తీసుకున్నారు, 2017లో పద్మశ్రీ వచ్చింది.

మహబూబాబాద్ మిర్చి కల్లాల దగ్గరో, భూపాలపల్లి వెల్డింగ్ షాపుల్లోనో ఇలాంటి ముక్క చేసినోళ్లు ఉండే ఉంటారు. చేయగానే మనోళ్లు రీల్ పెడతారు. ఆగు తమ్మీ! లోకమంతా చూశాక అది కొత్తది కాదని దరఖాస్తు కొట్టేయొచ్చు. ముందు తాత్కాలిక దరఖాస్తు వెయ్యి. ఆన్‌లైన్‌లో వేస్తే మామూలు మనిషికి ఫీజు 1,600 రూపాయలు, మనకి చెన్నై ఆఫీసు. పూర్తి వివరాలివ్వడానికి 12 నెలల టైముంటుంది. వస్తే 20 ఏళ్లు నీదే.

నేను రాసే కోడ్‌కి ఆ భాగ్యం కూడా లేదు. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి పేటెంట్ ఇవ్వొద్దని మన చట్టం సెక్షన్ 3(కె)లోనే ఉంది. వెల్డింగ్ షాపు తమ్ముడు నాకంటే నయం. దరఖాస్తులో మాత్రం మొత్తం మిషన్ నాదే అని రాయకు, నువ్వు మార్చిన ముక్క ఏదో అదే రాయి. పరిశీలన ఫీజు వేరే ఉంటుంది, అది తర్వాత.