తాళం బీరువాకా, మన చదువుకా?

యూనివర్సిటీ లైబ్రరీ పరిశోధకులకట! పాఠ్యపుస్తకాలు విద్యార్థులే కొనుక్కోవాలట! తాతల నాటి నుంచీ ఇంట్లో పుస్తకాల బీరువాలున్నోళ్ళ మాట ఇది. మా ఇళ్ళల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేము. పుస్తకం లేని చదువంటే ఏమిటో మాకు తెలుసు. మాస్టారు చెప్పింది రాసుకోవడం, రాసుకున్నది బట్టీ పట్టడం, ప్రశ్న కొంచెం మారితే తెల్లమొహం వేయడం. దాన్నే వాళ్ళు 'మెరిట్ లేదు' అన్నారు.

కూర్మన్నపాలెం చుట్టుపక్కల స్టీలుప్లాంటులో కాంట్రాక్టు కూలికి పోయేవాళ్ళ పిల్లలు మా బడుల్లో చదివి కాలేజీలకి పోతున్నారు. ఫీజు సర్కారు కట్టినా పుస్తకం ఎవరు కొంటారు?

దీనికోసమే 1978-79లో కేంద్రం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి బుక్ బ్యాంకు పథకం పెట్టింది. మొదట మెడిసిన్, ఇంజనీరింగు. తర్వాత వ్యవసాయం, పశువైద్యం, పాలిటెక్నిక్, లా వంటివి చేర్చారు. మరి బి.ఎ., బి.కాం. చదివే మన పిల్లల సంగతేంటి? పైగా డిగ్రీలో ఇద్దరికి కలిపి ఒక్క సెట్టు అని రూలు రాశారు. పుస్తకం ఒకటే, పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకే రోజు! ఒకడు హాస్టల్లో ఉంటాడు, ఇంకొకడు కూర్మన్నపాలెం నుంచి బస్సులో పోయొస్తాడు. పరీక్ష ముందురాత్రి ఆ పుస్తకం ఎవరి దగ్గరుండాలి?

కాగితం మీద ఇచ్చిన హక్కు సంగతి మనకి కొత్త కాదు. ప్రభుత్వ చెరువులు, బావులు అంటరానివాళ్ళకీ తెరవాలని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానించింది. 1924లో మహద్ మునిసిపాలిటీ సరేనంది. అయినా 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్ళి దోసిలి పట్టేదాకా చవదార్ చెరువు నీళ్ళు మనవాళ్ళ గొంతు దిగలేదు. ఇవాళ లైబ్రరీ గుమ్మంలో ఎవరూ కులం అడగరు. 'ఈ కాపీ బయటికివ్వం', 'ఉన్నదొక్కటీ ఇచ్చేశాం', 'రేపు రా' అంటారు. దాహం మాత్రం తీరదు.

అందుకే 1926లో పుట్టిన ఆంధ్రా యూనివర్సిటీ మొదలు అన్ని యూనివర్సిటీలనీ మేము అడుగుతున్నాం. సిలబస్‌లో పెట్టిన ప్రతి పుస్తకం సరిపడా కాపీలు కొనాలి. పదిహేను రోజులకి కాదు, పరీక్షలు అయ్యేదాకా ఇవ్వాలి. తెలుగు మీడియం వాళ్ళకి తెలుగు అకాడమీ పుస్తకాలు తెప్పించాలి. పగలు పనికిపోయే పిల్లల కోసం రాత్రులూ, ఆదివారాలూ లైబ్రరీ తెరవాలి. ఇది దానం అడగడం కాదు. ఆ పుస్తకాలు కొన్నది ప్రజల సొమ్ముతో, అందులో మన చెమట కూడా ఉంది.

విద్యార్థి మిత్రులారా! మీ కోర్సు పుస్తకాలు ఎన్ని కాపీలున్నాయో, ఎంతమందికి ఇచ్చారో రాతపూర్వకంగా అడగండి. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. వచ్చిన జవాబు పట్టుకుని హాస్టల్ హాస్టల్‌కీ వెళదాం.