‘ఆరోపణలు నిరాధారం’ అంటే సరిపోతుందా? బంధువుల ఇళ్లలో పెరిగే పిల్లలకు సాయం చేసే సంస్థపై విమర్శలొస్తే ఏం చెప్పాలి, ఏం చెప్పకూడదు

పిల్లల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థపై పత్రికలోనో టీవీలోనో విమర్శనాత్మక కథనం వచ్చిందనుకోండి. మర్నాడు ఆ సంస్థ విడుదల చేసే ప్రకటనలో దాదాపు ప్రతిసారీ రెండు వాక్యాలు కనిపిస్తాయి. మొదటిది, ‘ఆరోపణలు నిరాధారం’. రెండోది, ‘పిల్లల గోప్యత దృష్ట్యా వివరాలు వెల్లడించలేం’.

ఈ రెండింటిలో రెండో వాక్యానికి చట్టం మద్దతు ఉంది. మొదటి దానికి మాత్రం ఆధారాలు చూపించాలి. గోప్యతను సాకుగా పెట్టుకుని ఆధారాలు చూపించకుండా తప్పించుకునే వీలుందా? చట్టాన్ని జాగ్రత్తగా చదివితే లేదనే అర్థమవుతుంది.

అమ్మమ్మ, నాయనమ్మ, మేనమామ, పిన్ని వంటి బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు సాయం చేసే సంస్థల విషయంలో ఈ చిక్కు మరింత ఎక్కువ. అనాథాశ్రమమైతే గేటు, బోర్డు, రిజిస్టర్ ఉంటాయి. తనిఖీకి ఎవరైనా వెళ్లి చూడొచ్చు. ఇక్కడ పిల్లలు పది ఊళ్లలో, పది ఇళ్లలో ఉంటారు. సంస్థ బాగా పనిచేస్తున్నా, పేరుకే పనిచేస్తున్నా బయటివారి కంటికి ఒకేలా కనిపిస్తుంది.

బంధువుల సంరక్షణ అంటే ఏమిటి?

తల్లిదండ్రులు చనిపోయినా, జబ్బు పడినా, వదిలేసి వెళ్లినా పిల్లల్ని అయినవాళ్లు చేరదీయడం మన దగ్గర కొత్తేమీ కాదు. దీన్నే ఇంగ్లిష్‌లో కిన్‌షిప్ కేర్ అంటున్నారు. ఇందులో ఎక్కువ భాగం ఏ కాగితం మీదా నమోదు కాదు. అమ్మమ్మ మనవరాలిని ఇంటికి తెచ్చుకుంటుంది, అంతటితో సరి.

ఫోస్టర్ కేర్ దీనికి భిన్నం. బాల న్యాయ చట్టం-2015 ప్రకారం బాలల సంక్షేమ కమిటీ (సీడబ్ల్యూసీ) పరిశీలించి ఆమోదించిన కుటుంబానికి బిడ్డను అప్పగిస్తుంది. చట్టం ఇచ్చిన నిర్వచనంలోనే అది బిడ్డ సొంత కుటుంబం కాని కుటుంబమై ఉండాలని ఉంది. అలాంటి కుటుంబాన్ని సెక్షన్ 44 కింద ప్రతి నెలా తనిఖీ చేయాలి. సంరక్షణ సరిగా లేకపోతే బిడ్డను మరో చోటికి మార్చాలి. తోబుట్టువులను వీలైనంత వరకు విడదీయకూడదు.

బంధువుల దగ్గర ఉన్న పిల్లలకు ప్రభుత్వ డబ్బు ప్రధానంగా మరో దారిలో వస్తుంది. అదే సెక్షన్ 45 కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్. ఇది ఎవరికి ఇవ్వొచ్చో చట్టంలోనే రాశారు. తల్లి వితంతువు లేదా విడాకులు పొందినది లేదా కుటుంబం వదిలేసినది అయితే, తల్లిదండ్రులు ప్రాణాంతక వ్యాధితో ఉంటే, ప్రమాదం వల్ల పిల్లల్ని చూసుకోలేని స్థితిలో ఉంటే, పిల్లలు అనాథలై బంధువుల ఇంట్లో ఉంటే ఈ సాయానికి అర్హులు.

డబ్బు ఎలా వస్తుంది?

కేంద్రం 2022లో విడుదల చేసిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం స్పాన్సర్‌షిప్ కింద ఒక్కో బిడ్డకు నెలకు రూ.4,000 ఇస్తారు. అంతకుముందు అమల్లో ఉన్న పథకంలో ఇది రూ.2,000. కుటుంబ ఆదాయం గ్రామాల్లో ఏడాదికి రూ.72,000, ఇతర ప్రాంతాల్లో రూ.96,000 మించకూడదు. ఖర్చులో కేంద్రం వాటా 60 శాతం, తెలుగు రాష్ట్రాల వంటి చోట్ల రాష్ట్రం వాటా 40 శాతం.

దరఖాస్తులు జిల్లా బాలల పరిరక్షణ విభాగం ద్వారా వెళ్తాయి. స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ ఆమోద కమిటీ వాటిని మంజూరు చేస్తుంది.

ఈ దారిలో స్వచ్ఛంద సంస్థ ఎక్కడ ఉంటుంది? సాధారణంగా అర్హులైన కుటుంబాన్ని గుర్తించడం, కాగితాలు సిద్ధం చేయించడం, ఇంటికి వెళ్లి బిడ్డ ఎలా ఉందో చూడటం, చదువు ఆగకుండా చూడటం దాని పని. కొన్ని సంస్థలు సొంతంగా దాతల నుంచి డబ్బు సేకరించి కుటుంబాలకు ఇస్తాయి. విమర్శలు ఎక్కువగా పుట్టేది కూడా ఇక్కడే. డబ్బు నిజంగా ఇంటికి చేరుతోందా? ఇళ్లకు వెళ్లి చూశామంటున్నది కాగితాల మీదేనా? చేరదీసిన ఇంట్లో బిడ్డ చదువుకుంటోందా, పనిమనిషిగా మారిందా?

ఏం చెప్పకూడదు?

బాల న్యాయ చట్టంలోని సెక్షన్ 74 ప్రకారం రక్షణ అవసరమైన బిడ్డ పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టే వీలున్న మరే వివరమూ పత్రికలో గానీ, టీవీలో గానీ, మరే రూపంలో గానీ రాకూడదు. ఉల్లంఘిస్తే ఆరు నెలల వరకు జైలు లేదా రూ.2 లక్షల వరకు జరిమానా లేదా రెండూ పడవచ్చు. బిడ్డ మేలు కోసం అవసరమని తేలితే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేసి అనుమతి ఇచ్చే అధికారం సీడబ్ల్యూసీకి ఉంది. సంస్థకు లేదు, విలేకరికీ లేదు.

అంటే, ‘ఈ పాప మా దగ్గర సంతోషంగా ఉంది, చూడండి’ అంటూ బిడ్డను కెమెరా ముందు కూర్చోబెట్టి జవాబివ్వడం కుదరదు. ఆరోపణ చేసిన అమ్మమ్మ ఇంటి గుట్టు బయటపెట్టి ఆమెను తప్పుపట్టడమూ కుదరదు. ఆ ఇల్లు ఏదో ఊరికి తెలిస్తే బిడ్డ ఎవరో తెలిసినట్టే. ముఖం మసకగా చూపించినా, బడి పేరు, ఊరి పేరు, అమ్మమ్మ ముఖం చూపిస్తే ఫలితం అదే.

కొవిడ్ సమయంలో ఈ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లల వివరాలు బయటపెట్టి, వారి పేరు మీద విరాళాలు వసూలు చేస్తూ, దత్తత తీసుకోండంటూ పిలుపునిచ్చే స్వచ్ఛంద సంస్థలను అడ్డుకోవాలని 2021 జూన్‌లో కోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. కాబట్టి విరాళాల పోస్టర్ మీద పిల్లల ఫొటోలు వేసి, విమర్శ వచ్చాక మాత్రం ‘గోప్యత’ అనే సంస్థను ఆ పోస్టర్ గురించి కూడా అడగాలి.

ఏం చెప్పొచ్చు?

గోప్యత బిడ్డకు ఉన్న హక్కు. సంస్థ లెక్కలకు, పనితీరుకు అది వర్తించదు. ఒక్క బిడ్డ పేరు కూడా చెప్పకుండా సంస్థ ఈ కింది ప్రశ్నలన్నిటికీ జవాబు ఇవ్వగలదు.

ఒకటి, ఎంతమంది పిల్లలకు సాయం అందుతోంది? వారిలో ఎంతమంది సీడబ్ల్యూసీ ముందుకు వెళ్లారు? ఎంతమందికి ప్రభుత్వ స్పాన్సర్‌షిప్ మంజూరైంది?

రెండు, గత ఏడాది ఎన్నిసార్లు ఇళ్లకు వెళ్లారు? ఒక్కో కార్యకర్త మీద ఎన్ని కుటుంబాల భారం ఉంది?

మూడు, వచ్చిన డబ్బు ఎంత, కుటుంబాలకు నేరుగా వెళ్లింది ఎంత, జీతాలకూ ఆఫీసుకూ అయింది ఎంత? ఆడిట్ నివేదిక ఎక్కడ చూడొచ్చు? విదేశీ విరాళాలు తీసుకునే సంస్థ అయితే ఎఫ్‌సీఆర్‌ఏ కింద ఏటా లెక్కలు సమర్పించాలి. 2020 సవరణ తర్వాత పాలనా ఖర్చులు ఆ విరాళాల్లో 20 శాతం మించకూడదు.

నాలుగు, ఫిర్యాదు ఎప్పుడు అందింది, ఏం చేశారు, ఏ అధికారికి తెలియజేశారు?

ఐదు, ఫిర్యాదు వచ్చిన ఉద్యోగి ఇంకా పిల్లల ఇళ్లకు వెళ్తున్నారా?

ఈ ఐదింటికీ సూటిగా జవాబిచ్చి, తప్పు జరిగిన చోట ఒప్పుకున్న ప్రకటన నమ్మదగినది. సేవా చరిత్ర, అవార్డులు, ప్రముఖులతో ఫొటోలతో నిండిపోయి వీటిలో ఒక్కదానికీ జవాబు లేని ప్రకటనను జవాబుగా లెక్కించలేం.

ముజఫర్‌పూర్ నేర్పిన పాఠం

మీడియా ఒత్తిడి లేకపోతే ఏమవుతుందో బిహార్‌లోని ముజఫర్‌పూర్ చూపించింది. ఆ రాష్ట్రంలో 38 జిల్లాల్లోని 110 వసతి సంస్థలను టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం పరిశీలించింది. 2018లో ఇచ్చిన ఆ నివేదికతో ఒక స్వచ్ఛంద సంస్థ నడిపే బాలికల హోంలో లైంగిక దాడులు బయటపడ్డాయి. ఆ హోంను నడిపిన వ్యక్తి ఒక స్థానిక పత్రికకు యజమాని కూడా. 2020 ఫిబ్రవరిలో ఢిల్లీ కోర్టు అతనికి జీవిత ఖైదు విధించింది.

ఆ కేసులో కోర్టులు మీడియా విషయంలో రెండు వేర్వేరు గీతలు గీశాయి. బాధిత బాలికల చిత్రాలను మసకబరిచి కూడా చూపకూడదని, వారిని ఇంటర్వ్యూ చేయకూడదని సుప్రీంకోర్టు 2018 ఆగస్టులో చెప్పింది. అదే నెలలో పట్నా హైకోర్టు దర్యాప్తు వార్తలపై పూర్తి నిషేధం విధించగా, సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని ఎత్తేసింది. బిడ్డను దాచాలి, కానీ వ్యవస్థ తప్పును దాచకూడదు. ఆ రెండు ఉత్తర్వులను కలిపి చదివితే వచ్చే సారం ఇదే.

మీడియా ఎక్కడ తప్పు చేస్తుంది?

విమర్శలన్నీ సరైనవని కాదు. ఈ రంగంపై వచ్చే కథనాల్లో కొన్ని పొరపాట్లు తరచూ కనిపిస్తాయి.

పిల్లల్ని సొంత భవనంలో ఉంచుకునే సంస్థకు సెక్షన్ 41 కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు లేదా కనీసం రూ.లక్ష జరిమానా లేదా రెండూ ఉంటాయి. కానీ పిల్లలు బంధువుల ఇళ్లలోనే ఉండి, సంస్థ బయటి నుంచి మాత్రమే సాయం చేస్తుంటే అది హోం కాదు. దాన్ని ‘అనుమతి లేని అనాథాశ్రమం’ అని రాస్తే తప్పు. తల్లి బతికే ఉన్న పిల్లల్ని ‘అనాథలు’ అని రాయడం మరో పొరపాటు.

వీటికంటే పెద్ద ప్రమాదం కథనం వచ్చిన తర్వాతి హడావుడి. ఒక ఇంట్లో సమస్య కనిపిస్తే, ఆ సంస్థ చూసే పిల్లలందర్నీ హాస్టల్‌కో హోంకో తరలించాలన్న ఒత్తిడి అధికారులపై పడుతుంది. కానీ పిల్లల్ని సంస్థల్లో పెట్టడం చివరి మార్గంగానే ఉండాలని చట్టంలోని సెక్షన్ 3 స్పష్టంగా చెబుతోంది. తల్లిని కోల్పోయిన బిడ్డకు అమ్మమ్మ ఒడి కూడా దూరమైతే, దాన్ని రక్షణ అనలేం.

కథనం తప్పయితే సంస్థకు దారులున్నాయి. ప్రచురణకు ముందు వాస్తవాలు సరిచూసుకోవాలని, అవతలి పక్షానికి జవాబు చెప్పే అవకాశం ఇవ్వాలని ప్రెస్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. పత్రికపై అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. పరువు నష్టం దావా వేసే హక్కూ ఉంది. అయితే మొదటి ప్రకటనలోనే లీగల్ నోటీసు హెచ్చరిక ఉంటే, ఆ సంస్థ దగ్గర సాయం పొందే కుటుంబాలు నోరు మూసుకునే అవకాశమే ఎక్కువ. నెలకు వచ్చే డబ్బు ఎక్కడ ఆగిపోతుందోనన్న భయం వాళ్లకు ముందే ఉంటుంది.

కుటుంబం ఎవరిని అడగాలి?

డబ్బు రాకపోయినా, బిడ్డకు ఇబ్బంది ఉన్నా 1098కు ఫోన్ చేయొచ్చు. జిల్లా బాలల పరిరక్షణ అధికారిని, సీడబ్ల్యూసీని నేరుగా కలవొచ్చు. సీడబ్ల్యూసీ పనితీరు మీదే అభ్యంతరం ఉంటే కలెక్టర్‌కు ఫిర్యాదు చేయవచ్చని చట్టం చెబుతోంది.

సమాచార హక్కు చట్టం కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాన్ని మంజూరులు, చెల్లింపుల లెక్క అడగొచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రభుత్వ నిధులు గణనీయంగా తీసుకునే స్వచ్ఛంద సంస్థ కూడా ఈ చట్టం పరిధిలోకి వస్తుందని 2019లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది.

అసలు ప్రశ్న

సంస్థ పరువు, మీడియా స్వేచ్ఛ అనే రెండు వాదనల మధ్య మూడో మనిషి ఒకరుంటారు. డెబ్భై ఏళ్ల వయసులో మనవడి స్కూలు ఫీజు గురించి ఆలోచించే నాయనమ్మ. ఆమెకు ప్రెస్ మీట్ లేదు, లాయర్ లేడు. ఆమెకు కావాల్సినవి రెండే. నెలనెలా రావాల్సిన డబ్బు రావాలి, తప్పు జరిగితే చెప్పుకునే చోటు ఉండాలి.

సంస్థ ఇచ్చే జవాబైనా, దానిపై మనం రాసే వార్తైనా ఆ రెండింటికీ సాయపడిందా లేదా అన్నదే కొలత. తర్వాత ఎప్పుడైనా ‘ఆరోపణలు నిరాధారం’ అన్న ప్రకటన మీ కంట పడితే, పైన చెప్పిన ఐదు ప్రశ్నలు పక్కన పెట్టుకుని చదవండి.