డాక్ మార్చగానే సౌండ్ మారిందా? ముందు వాల్యూమ్ సమానం చేసి చెప్పండి

డెస్క్‌టాప్ డాక్‌ల రివ్యూలు ఓ నాలుగు వరుసగా చదవండి. అవే మాటలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. "తెర తొలగినట్టుంది", "సౌండ్ స్టేజ్ వెడల్పయింది", "ఇన్నాళ్లూ వినని డీటెయిల్స్ వినిపించాయి". ఇవి చదివి ఇరవై వేలు, నలభై వేలు పెట్టేది ఎక్కువగా మన వయసువాళ్లే. కొత్తగా ఉద్యోగంలో చేరి, ఒక మంచి హెడ్‌ఫోన్ కొనుక్కుని, "దీనికి తగ్గ డాక్ కూడా ఉండాలి కదా" అనుకునేవాళ్లు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. సరిగ్గా డిజైన్ చేసిన రెండు డాక్‌లని ఒకే లెవెల్‌లో పెట్టి, ఏది మోగుతోందో తెలియకుండా వింటే తేడా పట్టుకోవడం దాదాపు అసాధ్యం. డెస్క్‌టాప్ బాక్స్ కొనడానికి మంచి కారణాలు ఉన్నాయి. కాకపోతే అవి రివ్యూల్లో రాసేవి కావు.

డాక్ చేసే పని ఎంత?

డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ పని ఒక్కటే: ఫైల్‌లో ఉన్న అంకెల్ని వోల్టేజ్‌గా మార్చడం. సీడీ క్వాలిటీ అంటే సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కో శాంపిల్‌కి 16 బిట్లు. దీంతో 22.05 కిలోహెర్ట్జ్ దాకా ఫ్రీక్వెన్సీలు, సుమారు 96 డెసిబెల్స్ డైనమిక్ రేంజ్ పడతాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, వయసు పెరిగేకొద్దీ ఆ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. సీడీ మార్కెట్లోకి వచ్చింది 1982లో. నలభై ఏళ్లకు పైగా నలిగిన టెక్నాలజీ ఇది. ఇప్పుడు వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరికే ఆపిల్ యూఎస్‌బీ-సీ డాంగిల్ కూడా ఈ పనిని శుభ్రంగా చేస్తుంది.

ఎలా విన్నాను?

ఒకవైపు ఆ డాంగిల్. ఇంకోవైపు ఫియో కే7. కే7లో రెండు ఏకే4493ఎస్‌ఈక్యూ డాక్ చిప్‌లు, టీహెచ్‌ఎక్స్ యాంప్ సర్క్యూట్లు ఉంటాయి, డబ్బాతో పాటు అడాప్టర్ వస్తుంది. విడుదలైనప్పుడు ధర సుమారు 200 డాలర్లు, మన దగ్గర ఇరవై వేల చుట్టుపక్కల. హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 600.

హెడ్‌ఫోన్‌ని ఒకసారి డాంగిల్‌కి, ఒకసారి కే7కి గుచ్చి పోలిస్తే అది డాక్ పరీక్ష కాదు, యాంప్ పరీక్ష. అందుకే డాంగిల్ అవుట్‌పుట్‌ని కే7 వెనకున్న ఆర్‌సీఏ ఇన్‌పుట్‌కి కలిపాను. అంటే రెండు దారుల్లోనూ చివర ఉండే యాంప్ ఒకటే, మారేది డాక్ మాత్రమే. నిజానికి ఇది డాంగిల్‌కే ఎక్కువ కష్టం, దాని లోపలి చిన్న యాంప్ కూడా దారిలో ఉంటుంది కాబట్టి.

తర్వాత 100 హెర్ట్జ్ టోన్ ప్లే చేసి, హెడ్‌ఫోన్ జాక్ దగ్గర మల్టీమీటర్‌తో వోల్టేజ్ కొలిచి, రెండు దారుల్నీ ఒక శాతం తేడాలోకి తెచ్చాను. ఒక శాతం అంటే 0.1 డెసిబెల్ కూడా ఉండదు. ఒకే పాట రెండు దారుల్లోనూ ఒకేసారి నడుస్తుంటుంది. ఫ్రెండ్ ఒకడు నా వెనక కూర్చుని, ప్రతి రౌండ్‌కి ముందు నాణెం ఎగరేసి ఇన్‌పుట్ పెట్టేవాడు. ఒక్కోసారి ఏమీ మార్చకుండానే బటన్లు నొక్కేవాడు. రెండు దారుల మధ్య మిల్లీసెకన్ల తేడా నాకు దొరక్కుండా మధ్యలో రెండు సెకన్లు సైలెన్స్ ఉంచేవాడు.

ఏం విన్నాను?

ఇళయరాజా 1986 ఆల్బమ్ 'హౌ టు నేమ్ ఇట్', కొన్ని ఘంటసాల పాత పాటలు, ఒక మృదంగం తని ఆవర్తనం, ఈ మధ్య వచ్చిన సినిమా పాటలు రెండు.

కావాలనే ముందు కళ్లు తెరుచుకుని, ఏది మోగుతోందో తెలిసే విన్నాను. కే7లో వయొలిన్‌లు కాస్త విడివిడిగా ఉన్నట్టు, మృదంగం ఎడమవైపు దెబ్బ ఇంకొంచెం లోతుగా దిగినట్టు అనిపించింది. అవే మాటలు నోట్స్‌లో రాసిపెట్టుకున్నాను. తర్వాత అదే లెవెల్‌లో, అవే పాటలు, తెలియకుండా 16 రౌండ్లు. తొమ్మిది సరిగ్గా చెప్పాను. 16లో కనీసం 12 సరైతేనే అది గుడ్డి అదృష్టం కాదని కాస్త ధైర్యంగా అనొచ్చు. తొమ్మిది అంటే నాణెం ఎగరేసినట్టే. వయొలిన్‌ల మధ్య ఖాళీ, మృదంగం లోతు రెండూ మాయమైపోయాయి.

ఇది ఒక గదిలో, ఒక జత చెవులు చేసిన పరీక్ష. దీంతో ప్రపంచాన్ని తీర్మానించలేం. కానీ పెద్ద పరీక్షలు చెప్పేదీ దీనికి దూరంగా లేదు. 2007లో బ్రాడ్ మేయర్, డేవిడ్ మోరాన్ ఆడియో ఇంజినీరింగ్ సొసైటీ జర్నల్‌లో ఒక పేపర్ వేశారు. హై-రెజల్యూషన్ డిస్క్‌ల సౌండ్‌ని నేరుగా ఒకసారి, మధ్యలో సీడీ క్వాలిటీకి దించి ఒకసారి వినిపించారు. 554 ప్రయత్నాల్లో 276 సరైన జవాబులు, అంటే 49.8 శాతం. 2016లో జాషువా రీస్ అలాంటి 18 అధ్యయనాలు కలిపి లెక్కేస్తే 52.3 శాతం వచ్చింది. శిక్షణ పొందినవాళ్లు ఇంకాస్త మెరుగు. తేడా బొత్తిగా లేదనట్లేదు. ఉన్నా అది "తెర తొలగినంత" కాదు. పైగా ఆ పరీక్షలు ఫార్మాట్ మీద. రెండు మంచి డాక్‌లకి ఒకే ఫైల్ ఇస్తే ఆ మాత్రం తేడాకి కూడా చోటు తక్కువ.

మరి అందరికీ తేడా ఎందుకు వినిపిస్తోంది?

మొదటి కారణం వాల్యూమ్. మామూలు డెస్క్‌టాప్ డాక్ ఆర్‌సీఏ నుంచి ఇచ్చేది సుమారు 2 వోల్టులు. డాంగిల్ ఇచ్చేది సుమారు 1 వోల్ట్. అంటే 6 డెసిబెల్స్ తేడా. అర డెసిబెల్ ఎక్కువున్నా మన మెదడు దాన్ని "గట్టిగా ఉంది" అనుకోదు, "క్లియర్‌గా ఉంది" అనుకుంటుంది. లెవెల్ కొలవకుండా రాసిన ఏ పోలికైనా సగం వాల్యూమ్ నాబ్ రివ్యూనే.

రెండో కారణం పేరు. ఏకేఎమ్ కంపెనీ తన చిప్‌లకి పెట్టుకున్న ట్యాగ్ 'వెల్వెట్ సౌండ్'. రివ్యూల్లో ఆ చిప్‌లకి వచ్చే పొగడ్త? వెల్వెట్‌లా మెత్తగా ఉందని! ఈఎస్‌ఎస్ 'సేబర్' చిప్‌లకి వచ్చే ఫిర్యాదు? పదునుగా గుచ్చుకుంటోందని. కత్తి పేరు పెడితే గుచ్చుకోదా మరి! 2020 అక్టోబర్‌లో జపాన్‌లోని నొబెయోకాలో ఏకేఎమ్ ఫ్యాక్టరీ కాలిపోయి చిప్‌ల కొరత వచ్చినప్పుడు చాలా బ్రాండ్లు ఈఎస్‌ఎస్‌కి మారాయి. "పాత వెర్షన్ వెచ్చగా ఉండేది, కొత్తది చల్లగా ఉంది" అనే మాటలు అప్పుడు ఎక్కడ చూసినా కనిపించాయి. ఆ మాటల్లో ఎన్ని కళ్లు మూసుకుని విని చెప్పినవి?

తేడా నిజంగా ఎక్కడ ఉంటుంది?

ఉంటుంది, దాన్నీ ఒప్పుకోవాలి. ఫిల్టర్ లేని 'నాస్' రకం డాక్‌లు 44.1 కిలోహెర్ట్జ్ ఫైల్‌ని ప్లే చేస్తే 20 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 3 డెసిబెల్స్ పడిపోతాయి. చెవులు బాగున్న కుర్రాళ్లు దాన్ని పట్టుకోగలరు. యాంప్ అవుట్‌పుట్ ఇంపెడెన్స్ ఎక్కువైతే కొన్ని ఐఈఎమ్‌ల ట్యూనింగే మారిపోతుంది. నాసిరకం డిజైన్‌లో హిస్ వినిపిస్తుంది. ఇవన్నీ కొలిస్తే దొరికే తేడాలు. ఉపమానాలు అక్కర్లేదు.

డెస్క్‌టాప్ బాక్స్ ఎవరికి కావాలి?

పవర్ చాలనివాళ్లకి. హెచ్‌డీ 600 ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. ఈ మధ్య పాటలు ఎటూ లౌడ్‌గా మాస్టర్ చేస్తారు కాబట్టి డాంగిల్‌తో నేరుగా వినేయొచ్చు. తక్కువ లెవెల్‌లో రికార్డయిన కచేరీలకి మాత్రం వాల్యూమ్ చివరికెళ్లినా ఇంకాస్త కావాలనిపిస్తుంది. కే7లో ఆ బాధ లేదు.

నాయిస్‌తో బాధపడేవాళ్లకి. మన పీజీ రూముల్లో మూడో పిన్‌కి ఎర్త్ ఉందో లేదో దేవుడికే తెలియాలి. చార్జర్ పెట్టగానే స్పీకర్లలో గుయ్యిమనడం, మౌస్ కదిపితే కీచుమనడం చాలామందికి తెలిసిన గోలే. పీసీకి ఆప్టికల్ అవుట్ ఉంటే దాన్ని బాక్స్‌కి కలపండి. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురు, కరెంటు కాదు కాబట్టి ఆ దారిలో వచ్చే గోల అక్కడే తెగిపోతుంది. ఇక చేతికి అందే నాబ్, పీసీకీ టీవీకీ ఒకే బాక్స్ లాంటి సౌకర్యాలు. ఇవి రోజూ అనుభవించే లాభాలు. వీటికోసం కొంటే తప్పే లేదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

ముందు హెడ్‌ఫోన్ మీద. రెండు హెడ్‌ఫోన్‌ల మధ్య 5, 10 డెసిబెల్స్ తేడాలు మామూలు, ఎవరికైనా వినిపిస్తాయి. తర్వాత ఉచితంగా వచ్చే ఈక్వలైజర్. తర్వాత ఫైల్. ఘంటసాల పాటల్లో చాలావరకు మోనో రికార్డింగ్‌లే. ఎన్నో కాపీలు దాటొచ్చిన ఎంపీ3 బదులు మంచి ట్రాన్స్‌ఫర్ ఒకటి దొరికితే వచ్చే మార్పు ఏ డాక్ వల్లా రాదు. ఇవన్నీ అయ్యాక కూడా పవర్ చాలకపోతే, నాయిస్ ఉంటే, అప్పుడు బాక్స్.

డాక్ రివ్యూ రాసే ప్రతివాళ్లూ, ఈ సైట్‌లో రాసే మాతో సహా, మూడు విషయాలు మొదట్లోనే చెప్పాలి. లెవెల్ సమానం చేశారా? ఏది మోగుతోందో తెలియకుండా విన్నారా? యాంప్ ఒకటేనా? ఈ మూడింటికీ జవాబు లేని రివ్యూలో "సౌండ్ స్టేజ్" అన్న మాట కనిపిస్తే దాన్ని దాటేసి స్పెసిఫికేషన్స్ దగ్గరికి వెళ్లిపోండి. అక్కడ చూడాల్సింది అవుట్‌పుట్ వోల్టేజ్, ఇంపెడెన్స్, ఇన్‌పుట్‌లు. మీ హెడ్‌ఫోన్‌కి అవి సరిపోతే చాలు, మిగిలిన డబ్బు జేబులోనే ఉంచుకోండి.